ట్రాక్ మీద టైరు గాలి: చల్లటి అంకె, వేడి అంకె

చెన్నై–బెంగళూరు జాతీయ రహదారి పక్కన, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. సొంత కారు తెచ్చుకుని నడుపుకునేందుకు ఔత్సాహికులను అనుమతించే రోజుల్లో, పొద్దున మొదటి సెషన్‌కు ముందు అక్కడ ఎక్కువగా వినబడే ప్రశ్న "గాలి ఎంత పెట్టారు?" అనేదే. ఒకరు 28 అంటారు, అదే మోడల్ కారున్న పక్కాయన 34 అంటారు, విన్న కొత్తవారు రెండింటికీ మధ్యలో 31 పెట్టుకుని ట్రాక్ మీదికి వెళ్తారు. నిజానికి ఆ ఇద్దరి టైర్లలోనూ ఉన్నది ఒకే గాలి కావచ్చు. మొదటాయన టైరు చల్లగా ఉన్నప్పుడు చూసిన అంకె చెప్పారు. రెండో ఆయన ఐదారు ల్యాప్‌లు తిరిగొచ్చి పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోట) ఆగిన వెంటనే చూసిన అంకె చెప్పారు. ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో చెప్పకుండా గాలి ఒత్తిడి ఎంతో చెప్పడం సగం మాట చెప్పడమే.

ఈ సగం మాట ఫార్ములా వన్‌లోనే పెద్ద తగవు అయింది. 2015 ఇటలీ గ్రాండ్ ప్రీలో, మోంజా ట్రాక్‌లో రేసు మొదలయ్యే గ్రిడ్ మీద మెర్సిడెస్ కార్ల ఎడమ వెనక టైర్లను కొలిస్తే, టైర్ల తయారీ సంస్థ పిరెల్లి నిర్దేశించిన కనీస ఒత్తిడి 19.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కంటే హామిల్టన్ కారులో 0.3, రోస్‌బర్గ్ కారులో 1.1 తక్కువగా తేలింది. గెలిచిన హామిల్టన్ విజయం రద్దవుతుందేమోనని కొన్ని గంటలపాటు చర్చ నడిచింది. చివరకు రేసు నిబంధనలు చూసే స్టీవార్డులు ఏ చర్యా తీసుకోలేదు. టైర్లు బిగించినప్పుడు ఒత్తిడి సరిగానే ఉంది. కొలిచే సమయానికి వాటిని వేడిగా ఉంచే దుప్పట్లకు కరెంటు తీసేశారు, టైర్లు కొంత చల్లబడ్డాయి, దాంతో అంకె దిగింది. అన్ని పరికరాలూ, అంతమంది ఇంజనీర్లూ ఉన్న చోటే ఇలా జరిగితే, పెట్రోల్ బంకులో గాలి కొట్టించుకుని ట్రాక్‌కు వచ్చే ఔత్సాహికుడు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో ఊహించవచ్చు.

మూసిన పాత్రలోని వాయువు పీడనం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్నదే ఇక్కడా వర్తిస్తుంది. అయితే లెక్క వేసేటప్పుడు రెండు సంగతులు మరిచిపోకూడదు. ఒత్తిడి కొలిచే గేజ్ చూపించేది వాతావరణ పీడనం కంటే ఎక్కువ ఉన్న భాగాన్ని మాత్రమే కాబట్టి దానికి 14.7 కలపాలి, సెల్సియస్ డిగ్రీలకు 273 కలపాలి. 30 డిగ్రీల దగ్గర గేజ్ 30 పీఎస్ఐ చూపిస్తే అసలు పీడనం 44.7. లోపలి గాలి 70 డిగ్రీలకు వేడెక్కితే అది 50.6 అవుతుంది, గేజ్ దాదాపు 36 చూపిస్తుంది. అంటే ప్రతి 10 డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుదల. నేలను తాకే గాడుల భాగం, అంటే ట్రెడ్, పైపొర 90 డిగ్రీలు ఉందంటే లోపలి గాలి కూడా అంతే ఉంటుందని అనుకోకూడదు. అది సాధారణంగా అంతకంటే తక్కువగానే ఉంటుంది.

కారు డోర్ పిల్లర్ మీద అంటించిన స్టిక్కర్‌లోని అంకెను ఈ వెలుగులో చూడాలి. అది చల్లటి టైరుకు చెప్పిన అంకె. బరువు, మైలేజీ, ప్రయాణ సౌకర్యం, భద్రత అన్నీ చూసి రోడ్డు కోసం నిర్ణయించినది. 32 డిగ్రీల ఉదయం స్టిక్కర్ ప్రకారం 33 కొట్టించుకుని ట్రాక్ మీదికి వెళ్తే, లోపలి గాలి 75 డిగ్రీలకు చేరేసరికి గేజ్ 40కి దగ్గరగా చూపిస్తుంది. నాలుగో ల్యాప్ నుంచి కారు మలుపుల్లో జిడ్డు నేల మీద నడుస్తున్నట్టు జారుతోందని కొత్తవారు చెప్పే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. టైరు పాడైందనో, తాము అలిసిపోయామనో వారు అనుకుంటారు.

వేడి టైరులో ఎంత ఉండాలో ముందు నిర్ణయించుకుని, అక్కడి నుంచి చల్లటి అంకెకు వెనక్కి లెక్క వేసుకోవడమే సరైన పద్ధతి. మామూలు రోడ్డు టైర్లు వేసుకున్న హ్యాచ్‌బ్యాక్‌లకు, మధ్యస్థ సెడాన్‌లకు వేడిగా 32 నుంచి 36 మధ్య మొదలుపెట్టడం వాడుకలో ఉంది. కారు తేలికైతే అంకె తగ్గుతుంది, ట్రాక్ కోసమే చేసిన మెత్తటి టైర్లయితే తయారీదారు చెప్పిన అంకెకే మొదటి గౌరవం. వేడిగా 34 కావాలనుకుంటే, పై ఉష్ణోగ్రతల లెక్కన పొద్దున చల్లగా 28 పెట్టాలి. అయితే తన టైరు ఎంత వేడెక్కుతుందో మొదటి రోజు ఎవరికీ తెలియదు. అందుకే మొదటి సెషన్‌కు స్టిక్కర్ అంకెతోనే వెళ్లి, రాగానే నాలుగు టైర్లలోనూ గాలి వదిలి కావలసిన వేడి అంకెకు తేవడం క్షేమం. ఎక్కువ గాలితో వెళ్లినవారు కొంత పట్టు కోల్పోతారు, తక్కువ గాలితో వెళ్లినవారు టైరునే కోల్పోవచ్చు. ఆ టైర్లను మర్నాటి ఉదయం నీడలో కొలిస్తే వచ్చేదే ఆ కారుకు, ఆ ట్రాక్‌కు, ఆ ఎండకు సరిపోయిన చల్లటి అంకె. దానిని గాలి ఉష్ణోగ్రతతో సహా ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నవారికి రెండోసారి సగం పని తగ్గుతుంది.

నాలుగు టైర్లూ ఒకేలా వేడెక్కవు. గడియారపు ముల్లు దిశలో తిరిగే ట్రాక్ మీద కుడి మలుపులే ఎక్కువ కాబట్టి ఎడమవైపు టైర్లు ఎక్కువ బరువు మోస్తాయి, ఎక్కువ కాగుతాయి. నాలుగూ వేడిలో సమం కావాలంటే ఎడమవైపు చల్లటి అంకెను ఒకటి రెండు పీఎస్ఐ తగ్గించి మొదలుపెట్టాలి. కారును ఎండలో నిలిపి కొలవడం వల్ల వచ్చే పొరపాటు కూడా ఇంత పెద్దదే. ఎండ పడిన వైపు టైరు రెండో వైపు కంటే 12 డిగ్రీలు వేడిగా ఉంటే గేజ్ దాదాపు 2 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది; ఆ ఎక్కువ కనిపించిన గాలిని బయటికి వదిలి రెండు వైపులా సమం చేశామనుకున్నవారు నిజానికి ఒక వైపు గాలి తీసేశారు.

గాలిలోని తేమ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నైట్రోజన్ పేరిట జరిగే ప్రచారానికీ దీనికీ సంబంధం ఉంది. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. పొడిగా ఉన్నంతవరకు మామూలు గాలీ, నైట్రోజనూ వేడికి ఒకేలా వ్యాకోచిస్తాయి. తేడా తెచ్చేది నీరు. సముద్రతీరపు ఉక్కలో కంప్రెసర్ ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. ట్యాంకు కింది కుళాయి తిప్పి వాటిని రోజూ వదలకపోతే, గొట్టం గుండా కొంత టైరులోకే వెళ్తుంది. సుమారు 30 లీటర్ల గాలి పట్టే టైరులో 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను నీరు ఉన్నా, 70 డిగ్రీల దగ్గర అది ఆవిరై దాదాపు 4 పీఎస్ఐ అదనంగా కలుపుతుంది. రెండు ముందు టైర్లలో ఒకదానిలో ఆ చెంచాడు నీరు ఉండి రెండో దానిలో లేకపోతే, పొద్దున సమానంగా పెట్టిన అంకెలు మధ్యాహ్నానికి ఎందుకు తేడా వచ్చాయో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. నైట్రోజన్‌కు డబ్బు పెట్టడం వల్ల ఔత్సాహికుడికి దక్కేది ఆ పొడిదనమే. ట్యాంకులోని నీళ్లను క్రమం తప్పకుండా వదిలే కంప్రెసర్ దొరికితే ఆ ఫలితం ఉచితంగానే వస్తుంది.

ఇంతకీ ఒత్తిడి మారితే పట్టు ఎందుకు మారుతుంది? డ్రైవరుతో కలిపి వెయ్యి కిలోల హ్యాచ్‌బ్యాక్‌లో ముందు ఒక్కో టైరు మీద దాదాపు 300 కిలోలు పడతాయి. టైరు గోడల బిగువును పక్కన పెడితే, 30 పీఎస్ఐ దగ్గర ఆ బరువును మోయడానికి నేలను తాకవలసిన వైశాల్యం సుమారు 142 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక అరచేయంత. 36కు పెంచితే అది 119కి తగ్గుతుంది. తాకే రబ్బరు తగ్గితే పట్టు తగ్గుతుందని దీన్నిబట్టి అనిపిస్తుంది. అదే నిజమైతే గాలి ఎంత తగ్గిస్తే అంత మంచిది కావాలి. అలా జరగదు. గాలి తగ్గినకొద్దీ టైరు గోడ మెత్తబడుతుంది, మలుపులో బరువంతా బయటి టైరు మీద పడినప్పుడు ఆ గోడ ఒరిగిపోయి ట్రెడ్ లోపలి భాగం నేల నుంచి తేలుతుంది, రబ్బరు బయటి అంచు మీద పాకుతుంది. స్టీరింగ్ తిప్పాక కారు స్పందించడానికి క్షణం ఆలస్యమవుతుంది. అదీకాక ఎక్కువ వంగే టైరు ఎక్కువ వేడెక్కుతుంది. ఈ రెండు ప్రభావాల మధ్య పట్టు ఒక గుట్ట ఆకారంలో ఉంటుంది: ఒక ఒత్తిడి వరకు ఎక్కుతుంది, శిఖరం దాటాక దిగుతుంది.

ట్రాక్ దగ్గర చెలామణిలో ఉన్న సలహాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి కారణం ఈ గుట్టే. ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో తిరగనని మొండికేస్తే, అంటే అండర్‌స్టీర్ చేస్తే, వెనక గాలి పెంచమని ఒకరు చెబుతారు. వెనక టైర్లు అప్పటికే శిఖరం దగ్గరో, దాటో ఉంటే ఆ సలహా పనిచేస్తుంది. వెనక పట్టు తగ్గి కారు తిరుగుతుంది. అవి శిఖరానికి ఇవతల ఉంటే గాలి పెంచినప్పుడు వెనక పట్టు ఇంకా పెరుగుతుంది, కారు మరింత మొండికేస్తుంది. అలాగే ముందు గాలి తగ్గించమన్న సలహా, ఎక్కువ గాలితో ఉన్న టైరుకు మందు, తక్కువ గాలితో అంచు మీద పాకుతున్న టైరుకు విషం. కాబట్టి కారు ఏం చేస్తోందో చెప్పడం ఒక్కటే చాలదు. టైరు గుట్టకు ఏ వైపున ఉందో కూడా తెలియాలి.

అది తెలుసుకునే చవకైన సాధనం సుద్దముక్క. టైరు ట్రెడ్ బయటి అంచు నుంచి పక్క గోడ మీదికి మూడు నాలుగు చోట్ల అడ్డంగా మందపాటి గీత గీయాలి. టైరు భుజం మీద అక్కడక్కడా చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, మిషెలిన్ టైర్లలో దాని స్థానంలో ఆ సంస్థ బొద్దు మనిషి బొమ్మ ఉంటుంది. అరుగుదల సూచికలు ట్రెడ్‌లో ఎక్కడున్నాయో చూపడానికే వాటిని పెట్టినా, ఔత్సాహికులు వాటిని ఇంకోలా కూడా వాడుకుంటారు. ఒక పరుగు తర్వాత సుద్ద ఆ గుర్తు కొస దాకా చెరిగితే సరిపోయింది. గుర్తును దాటి గోడ మీదికి చెరిగితే గాలి చాలలేదు, గుర్తుకు చాలా ముందే ఆగితే గాలి ఎక్కువైంది. నల్లటి టైరు మీద తెల్లగా మిగిలిన ఆ రెండు వేళ్ల వెడల్పు గీత, లోపల జరుగుతున్నది కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. ఇది మొరటు కొలత, అయినా ఒక్క పైసా ఖర్చు లేనిది.

సూది మొన ఉన్న ఉష్ణోగ్రత కొలమానం అంతకంటే లోతుగా చెబుతుంది. సెషన్ ముగించి నేరుగా పిట్‌లోకి వచ్చి, ట్రెడ్ బయటి అంచున, మధ్యలో, లోపలి అంచున సూదిని రబ్బరులోకి కొద్దిగా గుచ్చి మూడు అంకెలు తీసుకుంటారు. దూరం నుంచి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడినే చూస్తుంది, ఆ పొర క్షణాల్లో చల్లబడుతుంది కాబట్టి దాని మాట పూర్తిగా నమ్మదగినది కాదు. మధ్య భాగం రెండు అంచుల సగటు కంటే బాగా వేడిగా ఉంటే గాలి ఎక్కువ, బాగా చల్లగా ఉంటే గాలి తక్కువ. ఉదాహరణకు ఎడమ ముందు టైరు బయట 92, మధ్యలో 84, లోపల 74 చూపించిందనుకుందాం. వేడిగా ఉన్న బయటి అంచును చూసి చాలామంది గాలి పెంచుతారు. కానీ రెండు అంచుల సగటు 83, మధ్య 84. గాలి సరిగ్గానే ఉంది. లోపం క్యాంబర్‌లో, అంటే చక్రం పైభాగం లోపలికి వాలవలసినంత వాలకపోవడంలో ఉంది. మాక్‌ఫెర్సన్ స్ట్రట్‌లు అనే రకం సస్పెన్షన్ ఉన్న మామూలు కార్లన్నిటికీ ఈ బాధ ఉంటుంది. వాటిలో క్యాంబర్ సర్దే వీలు తక్కువ కాబట్టి, బయటి అంచును కాపాడుకోవడానికి గాలి కాస్త పెంచి రాజీపడటం తప్పు కాదు. అది రాజీ అని తెలిసి చేయాలి, అంతే.

ఆటోక్రాస్‌లో ఈ లెక్క చాలావరకు మారిపోతుంది. ఖాళీ పార్కింగ్ మైదానంలో ప్లాస్టిక్ కోన్‌లు పేర్చిన దారిలో ఒక్కో కారు ఒంటరిగా, నిమిషం లోపు పరుగు తీస్తుంది. రోజు మొత్తంలో కొద్ది పరుగులే దొరుకుతాయి, వాటిలో ఉత్తమ సమయమే లెక్కకు వస్తుంది. అమెరికాలో 1944లో పుట్టిన ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) సంస్థ సోలో పేరుతో నడిపే పోటీలు దీనికి బాగా తెలిసిన రూపం. ఇంత చిన్న పరుగులో లోపలి గాలి వేడెక్కే వ్యవధే ఉండదు, అందువల్ల చల్లటి అంకెకూ పరుగు చివరి అంకెకూ తేడా స్వల్పం. ట్రాక్‌కు సరిపోయిన 28తో ఆటోక్రాస్‌కు వెళ్తే, అది 28 దగ్గరే ఉండిపోయి, ఇరుకు మలుపుల్లో టైరు గోడ ఒరిగిపోతుంది. మామూలు రోడ్డు టైర్లతో ముందు చక్రాలకు 36, 38, బరువైన కార్లకు ఇంకా పైన పెట్టడం అక్కడ కనిపించేది అందుకే. ఒకే కారును ఇద్దరు పంచుకుంటే మళ్లీ కథ మారుతుంది: పరుగుల మధ్య విరామం ఉండదు, టైర్లు కాగుతాయి, ప్రతి పరుగు తర్వాత గాలి వదలాల్సి వస్తుంది. తోటకు మందు కొట్టే చేతి పంపుతో టైర్ల మీద నీళ్లు చల్లి చల్లబరచడం అక్కడ మామూలు దృశ్యం.

మన దేశంలో ఆటోక్రాస్ పేరుతో మట్టి మైదానాల్లోనూ పోటీలు జరుగుతాయి. వదులు మట్టిలో కొంత గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, కానీ రాళ్లున్న గట్టి నేల మీద అలా చేస్తే రిమ్ వంగుతుంది.

వానలో గాలి తగ్గించాలనే నమ్మకం విస్తృతంగా ఉంది. దానికి వ్యతిరేకంగా చెప్పవలసినవి రెండున్నాయి. తడి రోడ్డు టైరును కాగనివ్వదు. ఎండ రోజున 28 నుంచి 34కు ఎక్కిన టైరు వానలో 30 దగ్గరే ఆగిపోవచ్చు, అంటే ఏమీ ముట్టుకోకుండానే గాలి తగ్గినట్టు. రెండోది, టైరు నీటి మీద తేలిపోయే వేగం ఒత్తిడి వర్గమూలంతో పాటు పెరుగుతుందని నాసా విమానాల టైర్ల మీద చేసిన పరీక్షల్లో తేలింది. ఆ సూత్రం ప్రకారం 30 పీఎస్ఐ దగ్గర గంటకు సుమారు 91 కిలోమీటర్లు, 36 దగ్గర సుమారు 100. కారు టైరుకు గాడుల లోతు, వెడల్పు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఈ అంకెలను అక్షరాలా తీసుకోనక్కరలేదు, దిశ మాత్రం స్పష్టం.

ఏ మార్పు మంచి చేసిందో పరీక్షించడంలో ఔత్సాహికులు ఎక్కువగా మోసపోతారు. పొద్దున 34తో ఒక సమయం వచ్చింది, మధ్యాహ్నం 32తో సెకను తగ్గింది, కాబట్టి 32 మంచిదని తీర్మానిస్తారు. ఈ లోగా డ్రైవరు ట్రాక్‌ను నేర్చుకున్నాడు, రోడ్డు మీద రబ్బరు పరుచుకుంది, ఎండ పెరిగింది, పెట్రోలు తగ్గి కారు తేలికైంది. 34తో పరుగు తీసి, 32కు మార్చి, మళ్లీ 34కు తిరిగివచ్చి కూడా చూడాలి. మూడో పరుగు మొదటిదానికి దగ్గరగా వస్తేనే రెండోదానిలో కనిపించిన తేడా గాలి వల్ల వచ్చినది. ఒకసారికి ఒకటే మార్చాలి, మొదట 2 పీఎస్ఐ చొప్పున, శిఖరం దగ్గరపడిందనిపించాక ఒకటి చొప్పున. గేజ్ ఖరీదైనది కానక్కరలేదు, ఎప్పుడూ అదే గేజ్ కావాలి. తన గేజ్ ఒక పీఎస్ఐ ఎక్కువ చూపినా, ప్రతిసారీ అంతే ఎక్కువ చూపితే పని జరుగుతుంది. స్నేహితుడి గేజ్‌తో పొద్దున, బంకు గేజ్‌తో సాయంత్రం కొలిచిన అంకెలను పోల్చడం వల్ల ఏమీ తేలదు.

గాలి ఎంతవరకు తగ్గించవచ్చనే విషయంలో మాత్రం ప్రయోగాలకు చోటు లేదు. తక్కువ గాలి టైరును ఎక్కువ వంచుతుంది, వంపు వేడిని పుట్టిస్తుంది, గేజ్ మీద అంకె పెరగడం చూసి ఇంకా గాలి వదిలితే టైరు లోపలి పొరలు విడిపోయే దాకా వస్తుంది. మలుపులో కంకరరాళ్ల అంచు తగిలితే టైరు రిమ్ నుంచి ఊడిపోవచ్చు. 2013 బ్రిటన్ గ్రాండ్ ప్రీలో, సిల్వర్‌స్టోన్‌లో వరసగా టైర్లు పేలిన తర్వాత పిరెల్లి చెప్పిన కారణాల్లో, కుడి ఎడమ టైర్లను తారుమారు చేయడం, అతి క్యాంబర్, ట్రాక్ అంచు దిమ్మెలతో పాటు నిర్దేశించినదాని కంటే తక్కువ ఒత్తిడి కూడా ఉంది. పై హద్దు టైరు గోడ మీదే ముద్రించి ఉంటుంది, సాధారణంగా 44 లేదా 51 పీఎస్ఐ. అది మించకూడని హద్దు మాత్రమే, పెట్టమని చెప్పిన సలహా కాదు.

చివరి సెషన్ అయ్యాక చేయవలసిన పని ఒకటుంది, అలసటలో దాన్నే ఎక్కువమంది మరిచిపోతారు. 75 డిగ్రీల దగ్గర 33కు వదిలిన టైరు, సాయంత్రం 32 డిగ్రీలకు చల్లబడేసరికి 27 చూపిస్తుంది. అదే కారులో స్నేహితులను, సామాను ఎక్కించుకుని రాత్రికి నెల్లూరు మీదుగా విజయవాడ వైపో, హైదరాబాదు వైపో బయలుదేరితే, స్టిక్కర్ చెప్పినదాని కంటే 6 పీఎస్ఐ తక్కువతో, పగలంతా నలిగిన టైర్లతో, గంటల తరబడి హైవే వేగంలో నడపడమే. డిక్కీలో ఒక చిన్న 12 వోల్టుల కంప్రెసర్ పెట్టుకుంటే పది పదిహేను నిమిషాల పని. హెల్మెట్ సంచిలో సర్దిన తర్వాత, టైర్లు చేతికి చల్లగా తగిలేదాకా ఆగి, నాలుగింటిలోనూ స్టిక్కర్ అంకెకు గాలి నింపి, భుజాల మీద కోతలు, ఉబ్బులు ఉన్నాయేమో టార్చి వేసి చూసుకుని, వాల్వు మూతలు బిగించాకే ట్రాక్ గేటు దాటాలి.